మన విమానం ఒక్కటీ పడలేదు

“యుద్ధం మొదలైన నాటి నుంచి మన విమానం ఒక్కటి కూడా పడలేదు. ఇకమీదట కూడా పడదు. ఇది నా మాట” అని రక్షణమంత్రిగారు విలేకరుల ముందు బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీదున్న గ్లాసు కింద పడింది. ఆ సంగతి ఎవరూ రాసుకోలేదు.

నేను అక్కడే ఉన్నాను. మంత్రిగారి వెనక ‘నష్టం సున్నా’ అని కట్టిన బోర్డు నేను రాసిందే. రంగు ఆరలేదు కాబట్టి ఎవరూ ఆనుకోకుండా నన్ను కాపలా పెట్టారు. వైమానిక స్థావరంలో విమానాల తోకల మీద నంబర్లు వేయడం నా ఉద్యోగం. అంత గొప్ప మాటను అంత దగ్గర నుంచి వినే భాగ్యం పెయింటర్లకి దొరకదు. చప్పట్లు కొట్టాను. ఓ చేతి రంగు రెండో చేతికి అంటుకుంది.

ఆ మధ్యాహ్నమే పదిహేడో నంబరు విమానం వెళ్ళింది వెళ్ళినట్టే ఉండిపోయింది.

స్థావరం కమాండరుగారు నన్ను షెడ్డులోకి పిలిచారు. ఆయన మహా క్రమశిక్షణ గల మనిషి. నుదుటి మీద చెమట కూడా వరసలో నిలబడుతుంది.

“పడిందా సార్?” అన్నాను.

“నోరు కడుక్కో. మంత్రిగారు ఏమన్నారో వినలేదా? పడలేదు. ఆలస్యమవుతోంది.”

“ఎప్పుడొస్తుంది సార్?”

“అది దాని ఇష్టం. నువ్వెళ్ళి తొమ్మిదో నంబరు మీద పదిహేడు వెయ్యి.”

“మరి తొమ్మిది ఏమైందని అడిగితే?”

కమాండరుగారు కణతలు నొక్కుకున్నారు. “తోకకి ఎన్ని పక్కలు?”

“రెండు సార్.”

“మరింకేం! ఎడమపక్క పదిహేడు, కుడిపక్క తొమ్మిది. అడగడానికి సిగ్గులేదూ?”

మర్నాడు విలేకరులు విమానాలు చూడటానికి వచ్చారు. వాళ్ళని ముందు ఎడమవైపు నుంచి నడిపించారు. టీ ఇచ్చారు. తర్వాత కుడివైపు నుంచి నడిపించారు. నంబర్లన్నీ సరిపోయాయి. ఒకాయన మాత్రం పదిహేడుకీ తొమ్మిదికీ ముక్కు మీద ఒకేలాంటి సొట్ట ఉందేమిటని నసిగాడు.

“అదే మా క్రమశిక్షణ. ఒకటి గుద్దుకుంటే రెండోదీ అక్కడే గుద్దుకుంటుంది” అన్నారు కమాండరుగారు.

ఆ విలేకరి రాసుకున్నాడు. ఆదివారం అనుబంధంలో ఫొటోతో సహా వచ్చింది.

ఆ తర్వాత ఆలస్యాలు ఎక్కువయ్యాయి. నాకు చేతినిండా పని. తోకలు చాలక రెక్కల మీద కూడా వేశాను. ఓ విమానం కిందనుంచి చూస్తే ఒకటి, పైనుంచి చూస్తే ఇంకొకటి. పైనుంచి చూసేది శత్రువులే కదా, వాళ్ళకీ లెక్క సరిగ్గా చూపించాలి అన్నారు కమాండరుగారు.

ఇంకా ఆలస్యం కాని పైలట్లలో మా అల్లుడు ఒకడు. యుద్ధం మొదలయ్యాక అమ్మాయీ అతనూ నా క్వార్టర్స్‌లోనే ఉంటున్నారు. పొద్దున్నే హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చి అడిగేవాడు.

“మావయ్యా, ఇవాళ నేనెన్నో నంబరు?”

“ఎటువైపు నుంచి బాబూ?”

మా అమ్మాయికి ఒళ్ళు మండింది. “మామా అల్లుళ్ళకి నవ్వులాటగా ఉంది. ఇంజను దగ్గుతోందని రాత్రి మీరే అన్నారా లేదా? ఇవాళ వెళ్ళకండి.”

“వెళ్ళకపోతే జైల్లో పెడతారే.”

“వెళితే?”

“ఆలస్యమవుతుంది.”

అది నావైపు తిరిగింది. “నాన్నా, పతకాలొద్దు, పేపర్లో ఫొటోలొద్దు. మనిషి ఇంటికొస్తే నాకు చాలు. ఏం చేస్తావో చెయ్యి.”

నేను వెళ్ళి కమాండరుగారికి చెప్పాను, ఇంజను దగ్గుతోందట అని.

“దగ్గడం వేరు, పడటం వేరు” అన్నారాయన. “దగ్గదని మంత్రిగారు ఎక్కడా మాటివ్వలేదు.”

ఇక నా చేతిలో ఉన్నది ఒకటే. రంగులో థిన్నర్ ఎక్కువ కలిపి పలచగా వేశాను. కాస్తయినా బరువు తగ్గుతుందని.

చివరికి షెడ్డులో ఒకే విమానం మిగిలింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు విజయోత్సవం ప్రకటించారు. మైదానం మీదుగా మన విమానాలన్నీ ఎగరాలి, జనమంతా కళ్ళారా చూడాలి అన్నారు. అది విని కమాండరుగారు కుర్చీలో కూలబడ్డారు. కూలబడ్డారని బయట అనకూడదు. కాస్త ఆలస్యంగా లేచారు.

ఏర్పాటు ఏమిటంటే, విమానం మైదానం దాటి కొండ వెనక్కి పోతుంది. అటునుంచి చుట్టూ తిరిగి మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా మైకులో కొత్త నంబరు చదువుతారు. నడిపేది మా అల్లుడు.

ఆ రోజు మైదానం కిటకిటలాడింది. మంత్రిగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తలెత్తి చూస్తూ ప్రతిసారీ మురిసిపోయారు. “దేని అందం దానిదే! ఇందాకటి దానికన్నా ఇది కాస్త సన్నం కదూ?” అన్నారు. “అవును సార్, అది బలిసింది” అన్నారు కమాండరుగారు. వేదిక పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి మాత్రం పైకి చూడలేదు. చెవులు రిక్కించి ఇంజను వింటోంది.

దగ్గు వినిపించింది. తర్వాత పొగ. తర్వాత ఏమీ వినిపించలేదు. కొండ వెనక ధబ్బుమంది.

బ్యాండువాళ్ళు ఎవరూ చెప్పకుండానే గట్టిగా వాయించారు. వాళ్ళ మేస్త్రికి తర్వాత పతకం వచ్చింది. కాని పారాచూట్‌ని వాయించి ఆపలేరు కదా. అది ఊగుతూ ఊగుతూ సరాసరి వచ్చి వేదిక మీది టెంటు మీద వాలింది. టెంటు ఒరిగి, అందులోంచి మా అల్లుడు జారి, మంత్రిగారి కాళ్ళ దగ్గర తేలాడు. మొహమంతా మసి. అలవాటు కొద్దీ లేచి సెల్యూట్ కొట్టాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. నాయకుడంటే ఆయనే. క్షణం తడబడలేదు.

“మిత్రులారా! మన విమానం పడదు. పడనప్పుడు మన పైలట్ దిగడు. దిగాడంటే వీడెవడు?”

“శత్రువు!” అని అరిచారు జనం.

“సార్, నేనండీ! మనవాణ్ణండీ!” అన్నాడు అల్లుడు.

“మన భాష ఎంత చక్కగా నేర్పించి పంపారో చూడండి!”

మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తింది. “ఆయన మా ఆయన! వదలండి!”

“దిగీ దిగగానే మన ఆడపడుచుని మభ్యపెట్టాడు!” అన్నారు మంత్రిగారు. జనం పళ్ళు కొరికారు.

కమాండరుగారు నన్ను వేదిక మీదికి నెట్టారు. “ఈ పెద్దాయనకి మన పైలట్లందరూ తెలుసు సార్” అంటూ, నా చెవిలో “వాడు నీ అల్లుడైతే విమానం మనది. విమానం మనదైతే పడినట్టు. చూసి మాట్లాడు” అన్నారు.

మంత్రిగారు మైకు నా మూతి దగ్గర పెట్టారు. “చెప్పు తాతా. వీణ్ణి ఎరుగుదువా?”

మా అమ్మాయి నన్నే చూస్తోంది. ఎరుగుదును అనడానికి నోరు తెరిచాను. అల్లుడు నా భుజం మీద తూలినట్టు నటించి గొణిగాడు.

“మావయ్యా, తెలీదనండి. మనవాణ్ణయితే రేపు మళ్ళీ దేంట్లోనో ఒకదాంట్లో ఎక్కిస్తారు. శత్రువునైతే కూర్చోబెడతారు.”

“ఎవరో బాబూ. కొత్త మొహం” అన్నాను.

అమ్మాయి నిర్ఘాంతపోయింది. అల్లుడు దానికేసి కన్నుగీటాడు. అది ఓ క్షణం చూసింది. కళ్ళు తుడుచుకుని గొంతెత్తింది.

“నేనే పొరబడ్డాను సార్! వీడు శత్రువే! గట్టిగా కట్టేయండి. ఎక్కడికీ ఎగరనివ్వకండి!”

జనం దానికి జేజేలు పలికారు.

శత్రు ఖైదీల శిబిరం స్థావరం వెనకే. ఖైదీల చొక్కాల మీద నంబర్లు వేయడానికి నన్నే పిలిచారు. వెళ్ళి చూస్తే ఆలస్యమైన మన పైలట్లు చాలామంది అక్కడే ఉన్నారు, వాళ్ళూ పారాచూట్‌తో దిగి శత్రువులైనవాళ్ళే. వేపచెట్టు కింద పేకాడుకుంటున్నారు. శత్రువుల్ని బాగా చూసుకోవాలని అంతర్జాతీయ నియమాలున్నాయట. పూటపూటా పాలు, గుడ్లు. ఇంజను లేదు. అల్లుడికి బుగ్గలొచ్చాయి.

అమ్మాయి రోజూ క్యారియర్ తీసుకెళ్ళేది. “ఎవరికమ్మా?” అని కాపలావాడు అడిగితే, “నా శత్రువుకి” అనేది. శత్రువుకి అన్నం పెట్టే దయామయి అని పేపర్లో దాని ఫొటో వచ్చింది.

కొన్నాళ్ళకి యుద్ధం అయిపోయింది. మనమే గెలిచాం. వాళ్ళు కూడా గెలిచారట. ఖైదీల్ని అప్పగిస్తాం రండని మనవాళ్ళు కబురు పెడితే, అటునుంచి సమాధానం వచ్చింది. “మా విమానం ఒక్కటీ పడలేదు. ఆ పైలట్లు మావాళ్ళు కారు.” శత్రువులు ఎంత అబద్ధాలకోరులో మర్నాడు మన పేపర్లన్నీ సంపాదకీయాలు రాశాయి.

మంత్రిగారిది జాలిగుండె. ఎవరికీ కాని ఈ బిడ్డల్ని మనవాళ్ళుగా చేసుకుందాం అన్నారు. అదే మైదానంలో సభ పెట్టారు. మా అమ్మాయి పొద్దున్నే ఇల్లంతా కడిగింది. అల్లుడి చొక్కా ఇస్త్రీ చేసి, మడత నలగకుండా రెండు చేతుల మీదా పట్టుకుని వచ్చింది. “ఇవాళ ఇంటికొచ్చేస్తారు నాన్నా” అంది. దాని నవ్వు చూసి చాలా రోజులైంది.

ఖైదీలు వరసగా ప్రమాణం చేశారు. దండలు పడ్డాయి.

“నేటి నుంచి మీరు మనవాళ్ళు!” అన్నారు మంత్రిగారు. అందరికన్నా గట్టిగా మా అమ్మాయే చప్పట్లు కొట్టింది, చొక్కా నా చేతికిచ్చి మరీ.

“ఇంకో శుభవార్త. తూర్పున ఉన్న పొరుగుదేశం చూపు బాగాలేదు. సోమవారం నుంచి వాళ్ళతో యుద్ధం. ఇందులో కూడా మన విమానం ఒక్కటీ పడదు. ఇది నా మాట. ఇక ఈ కొత్త తమ్ముళ్ళని ఉత్తచేతులతో పంపుతామా? వీళ్ళకి ఏ పని వచ్చో మనకి తెలుసు.”

కమాండరుగారు వెనకనున్న తెర లాగారు. తెర వెనక కొత్త విమానం ఉంది. ఒకటే. తోకకి రెండు పక్కలా ఏమీ రాసి లేదు. ఆయన నాకేసి చూశారు.

చప్పట్లు ఆగిపోయాయి, ఒక చోట. నేను అటు చూడలేదు. చొక్కా భుజాన వేసుకుని డబ్బా మూత తీశాను.

అల్లుడు మెడలో దండతోనే నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“మావయ్యా, ఇవాళ నేనెన్నో నంబరు?”

నేను రంగులో ఇంకాస్త థిన్నర్ పోసి కలిపాను.