పద్నాలుగో నంబరు ఇంట్లో అనధికార నిద్ర

మనిషి మేలుకుని ఉండడానికి ఎంత చోటైనా సరిపోతుంది గానీ, నిద్రపోవడానికి మాత్రం ఆరున్నర చదరపు మీటర్లు ఉండి తీరాలని బ్రాడ్‌షెల్ఫ్ పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఆ సభలో సగంమంది కుర్చీల్లోనే, అంతకంటే చాలా తక్కువ చోట్లో, హాయిగా కునుకు తీశారు. అది వేరే విషయం.) ఆనాటి నుంచి ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివారూ లైసెన్సు తీసుకోవాల్సిందే.

మ్యూరియల్ క్లెగ్‌కి ఉన్నది ఒకే ఒక్క అద్దె ఇల్లు. తన ఇంటి గోడని ఆనుకుని ఉన్న పద్నాలుగో నంబరు. కింద ఒక గది, పైన ఒక పడకగది. రిటైరైన బస్సు డ్రైవరు విల్ఫ్ హెప్టన్ అందులో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. ఇన్నేళ్లలో ఇద్దరికీ వచ్చిన తగువు ఒక్కటే. విల్ఫ్ గురక గోడ దాటొచ్చి మ్యూరియల్ టీవీకి అడ్డం పడుతుంది. ఆవిడ టీవీ సౌండు పెంచింది, తగువు తీరిపోయింది.

లైసెన్సుకి మొదటి మెట్టు, ఆవిడ ఇంటి యజమానిగా ఉండదగిన మనిషేనని రుజువు కావడం. అందుకు ఒకరోజు శిక్షణ పెట్టారు. అద్దెకున్నవాళ్ల తలుపు ఎలా తట్టాలో, తానింకా అమ్మ ఇంట్లోనే ఉంటున్న ఓ కుర్ర మాస్టారు నేర్పాడు. చివర్లో పరీక్ష. అద్దెకున్నవారికి కేకు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకి మ్యూరియల్ "ఇవ్వవచ్చు" అని రాసి మార్కులు పోగొట్టుకుంది. (ఇవ్వవచ్చు. అయితే ఇరవై నాలుగు గంటల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి.)

రెండో మెట్టు కొలతలు. నిద్రాస్థల తనిఖీ అధికారి క్రిస్పిన్ లేజరు కొలబద్దతో వచ్చి, పడకగదిని నాలుగు మూలల నుంచీ కొలిచాడు. అరచెయ్యంత తక్కువొచ్చింది.

"అయితే ఇది పడకగది కాదు, మేడమ్," అన్నాడు.

మంచం మీద కూర్చున్న విల్ఫ్ తలెత్తాడు. "పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే పడుకుంటున్నాను కదయ్యా."

"అది అనధికార నిద్ర, సార్."

"భలేవాడివే నాయనా," అంది మ్యూరియల్. "ఈయన గురకకి మా అల్మారాలో కప్పులు గలగలమంటాయి. కావాలంటే సాక్ష్యం చెబుతాను."

మౌఖిక సాక్ష్యంతో గది పెరగదని క్రిస్పిన్ మర్యాదగానే చెప్పాడు. నెలలోగా పెరగకపోతే విల్ఫ్ ఇల్లు ఖాళీ చెయ్యాలి.

రాయితో కట్టిన గోడల్ని వెనక్కి జరపలేరు గనక, ఇద్దరూ కలిసి వాటి మీద పొరలు పొరలుగా అతికించిన అలంకారపు కాగితాన్ని గీకడం మొదలుపెట్టారు. బూడిదరంగు చారల కింద గోధుమరంగు గుండ్రాలు, వాటి కింద నారింజ పువ్వులు, ఆ కింద మ్యూరియల్ అత్తగారు అతికించిన గులాబీలు. గులాబీల దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. అత్తగారు బతికుండగా కూడా నేనింత భయపడలేదంటూ కళ్లు మూసుకుని గీకేసింది. ఏడు పొరలు ఊడేసరికి గదికి ఆరున్నర చదరపు మీటర్లూ వచ్చాయి. పైన ఒక తపాలా బిళ్లంత మిగిలింది కూడా.

లైసెన్సు వచ్చింది. ఆ సాయంత్రం మ్యూరియల్ కేకు చేసింది. (నోటీసు ముందురోజే ఇచ్చింది.)

లైసెన్సులో ముప్పై ఒకటో నిబంధన ప్రకారం దాన్ని పటం కట్టించి పడకగది గోడకే తగిలించాలి. తగిలించారు. తగిలించారో లేదో చూడడానికి క్రిస్పిన్ మళ్లీ వచ్చాడు. చూసి మెచ్చుకున్నాడు. అలవాటు కొద్దీ కొలబద్ద తీశాడు. లేజరు ఎర్ర చుక్క సరిగ్గా పటం మీద పడింది. గది ఉండాల్సినదానికంటే అగ్గిపెట్టెంత తగ్గిపోయింది.

"పటం తీసేస్తే?" అంది మ్యూరియల్.

"లైసెన్సు కనబడని గదిలో నిద్రపోవడం నేరం, మేడమ్."

"ఉంచితే?"

"చోటు చాలదు."

విల్ఫ్ ఆ లైసెన్సుని, దాని పక్కనున్న తన మంచాన్ని చూశాడు. "అంటే ఈ గదిలో మేమిద్దరం ఇమడం. సీనియర్ని నేను గదా బాబూ, అది బయటికి పోకూడదూ?"

ఆ సూచనకి తగిన ఫారం లేదు. విల్ఫ్ నెలాఖరుకి ఖాళీ చేశాడు. ఇల్లు లేని వాళ్లని రోడ్డున వదిలే సంఘం కాదు గనక, సంఘం సొంత వసతిగృహంలోనే అతనికి గది కేటాయించారు. మ్యూరియల్ మాంసం కూరిన రొట్టె తీసుకుని అతన్ని చూడ్డానికి వెళ్లింది. ఆవిడ తలుపులోంచి లోపలికి రావాలంటే విల్ఫ్ కాళ్లు మంచం మీదికి ముడుచుకోవాల్సొచ్చింది. టేపు తెప్పించి కొలిచాడట, ఐదు చదరపు మీటర్లు కూడా లేదు. వసతుల పనిమీద అటొచ్చిన క్రిస్పిన్‌ని ఆవిడ పట్టుకుని నిలదీసింది.

"ఇది సంఘం సొంతది, మేడమ్. మాకు లైసెన్సు అక్కర్లేదు."

పద్నాలుగో నంబరు గోడ మీద పటం క్షేమంగా ఉంది. మ్యూరియల్ టీవీ సౌండు తగ్గించింది. వసతిగృహంలో విల్ఫ్ నిద్ర ఇప్పుడు పూర్తిగా అధికారికం. అయితే అది పట్టడం లేదు.