తోసుకునే టోటోలు

ఆ ఉదయం మౌనిక వేసుకున్న పథకం చిన్నదే. కలకత్తా నుంచి వచ్చే పెట్టుబడిదారు ఉదయభానుకు టీ ఇవ్వాలి, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, నడిపేవాళ్లతో మాట్లాడించాలి, పెట్టుబడి మాట మాత్రం తనంతట తాను ఎత్తకూడదు. టోటోలకు చార్జి చేసిన బ్యాటరీలు అద్దెకిచ్చే ఆమె కంపెనీకి ఆ పెట్టుబడి రాకపోతే షెడ్డుకు తాళమే.

"డబ్బున్నోడు ఇంటికొస్తే డబ్బడగవేటి?" అన్నాడు తండ్రి ఎర్రయ్య, రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన ఫిట్టరు.

"ముందు నమ్మకం కుదరాల నాన్నా. మంచీ సెడ్డా నెలనెలా ఆయనకి రాస్తన్నాను. సలహాలే అడుగుతన్నాను."

"సెడ్డ కూడా రాసినావా?"

ఎర్రయ్యకు అక్కడే అనుమానం పట్టుకుంది. రైల్వేలో ముదిరిన మనిషికి ఒకటే గుర్తు: మర్యాదగా మాట్లాడి, టీ తాగి, అన్నీ ఆరా తీసేవాడు విజిలెన్సువాడే. తప్పు చేయకపోతే భయమెందుకంటారా? తప్పు చేయనివాడికే అక్కడ భయమెక్కువ.

ఉదయభాను వచ్చాడు. "బావున్నారా బాబాయిగారూ?" అన్నాడు. రెండో కప్పు టీ కూడా తాగాడు. "బ్యాటరీలు ఎవరెవరు తీసుకుంటారండీ?" అన్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? ఎర్రయ్య పెరటి గుమ్మంలోంచి సైకిలెక్కి టోటో స్టాండు దారి పట్టాడు.

"విజిలెన్సోడొస్తన్నాడర్రా. బ్యాటరీ మాటెత్తితే మా పిల్ల కొంప మునిగిపోద్ది."

కాసేపటికి మౌనిక, ఉదయభాను అక్కడికి వచ్చారు. "ఈ బ్యాటరీ ఎక్కడిది?" అని మొదటి డ్రైవరును అడిగాడాయన.

"మా అత్తోరు పెట్టినారు బాబూ, పెళ్లిలో."

రెండోవాడు ఇంకా తెలివైనవాడు. "బ్యాటరీ ఏటి బాబూ? మాది తోసుకునే బండి," అంటూ దిగి తోయసాగాడు. వాణ్ని చూసి వెనకవాడు, వాణ్ని చూసి ఆ వెనకవాడు. కూరగాయల సంచులతో కూర్చున్న ఆడవాళ్లు జాలిపడి, దిగి తలా ఓ చెయ్యేశారు. నమ్మితే నమ్మండి, మండుటెండలో టోటోలన్నీ పూరీ రథాల్లా కదిలాయి. ముందు బండి తోస్తున్నవాడు ఎర్రయ్యే.

మౌనిక పరుగున వెళ్లి ఆ బండికి అడ్డం నిలబడింది. "ఏటి సేసినావు నాన్నా?"

"నీ కోసమేనే. ఈయన విజిలెన్సు కాదేటి?"

ఉదయభాను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పొగడమని నేర్పించిన కస్టమర్లను చాలామందిని చూశానమ్మా. కంపెనీని కాపాడ్డానికి ఎండలో బండి తోసేవాళ్లను ఇక్కడే చూస్తున్నాను. నేను పెట్టుబడి పెడతాను. ఒక్క షరతు. కొత్త ఊళ్లో షెడ్డు తెరిచినప్పుడల్లా ముందు మీ నాన్నగారు వెళ్లాలి."

సంగతి విని ఎర్రయ్య భార్య పోలమ్మ కూతుర్ని పక్కకు పిలిచింది.

"మీ నాన్నని నమ్మి డబ్బెడతన్నాడా? అయితే ఆ బాబు మీద ఓ కన్నేసి ఉంచాల," అంది.