రోగి కదిలారు

మెదడులో ఎంత ఇనుముందో కొలిపించుకోదలచినవారు ముందుగా తమ దగ్గర ఇనుము లేదని రుజువు చేసుకోవాలన్నది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన ఒక ఆసుపత్రి స్కానింగు విభాగపు మూలసూత్రం.

డెల్మా హాగర్టీకి డెబ్బై రెండేళ్ళు. ఏడాదిగా కుడిచెయ్యి, దాంతోపాటు తలా వణుకుతున్నాయి. బౌల్స్ క్లబ్బులో ఆమె దొర్లించిన బంతి పక్కవాళ్ళ ఆటలో కలుస్తోంది. ఇది వయసు వణుకా, వాళ్ళమ్మను మంచాన పడేసిన వణుకా తేలాలి. మెదడులో ఇనుము అయస్కాంతానికి ఎలా స్పందిస్తుందో కొలిస్తే కొంత ఆధారం దొరుకుతుందన్నాడు డాక్టరు.

ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలు. పదిహేడోది: "ఎప్పుడైనా గుండుసూది మింగారా?" డెల్మా "గుర్తులేదు" అని రాసింది. (నిజాయితీకి గడి లేదు గనక మింగినట్టే లెక్క.) ఎక్స్‌రే తీసి, సూది లేదని ధ్రువపత్రం ఇచ్చారు. ఆ పత్రానికి పిన్ను కొట్టి ఉండడంతో ఆమెను గది బయటే ఆపేశారు.

పిన్ను తీయించుకుని లోపలికి వెళ్తే, మిషను నడిపే టేగన్ చెప్పింది: "ఇరవై నిమిషాలు కదలకూడదండీ."

"కదలకుండా ఉండగలిగితే ఇక్కడికెందుకొస్తానమ్మాయ్?"

"నిజమేనండీ. కానీ కదిలితే బొమ్మ చెదిరిపోతుంది."

మూడుసార్లు తీశారు. మూడుసార్లూ "రోగి కదిలారు" అని నమోదైంది. నిశ్చలతా పర్యవేక్షకుడు ఫెన్విక్ గారు స్వయంగా వచ్చి, వణుకును కదలికగానే పరిగణించాలన్న నియమం చదివి వినిపించారు. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుడొకరు కావాల్సి ఉండగా, కారు నడుపుకొచ్చిన ఆమె భర్త మెర్విన్‌ను పడుకోబెట్టారు. రగ్బీ ఫైనల్ చూస్తూ కూడా నిద్రపోగల మనిషి. ఆ విభాగం చరిత్రలో అంత చక్కటి బొమ్మ రాలేదట.

తిరుగుదారిలో మెర్విన్ అన్నాడు, "నా బుర్ర కొత్తదానిలా ఉందంట."

"వాడనిది పాడవదులే."

అతను నవ్వి, ఆమె వైపు చూసి, నవ్వు ఆపేశాడు. డెల్మా కుడిచేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంది.

"మళ్ళీ పిలుస్తార్లే," అన్నాడు.

"మా అమ్మకీ అలాగే చెప్పారు."

మూడు వారాలకు రెండు ఉత్తరాలొచ్చాయి. మెర్విన్‌కు కృతజ్ఞతా పత్రం. డెల్మాకు ఒకే వాక్యం: "మీ వణుకు తగ్గిన వెంటనే, దానికి కారణం కనుక్కోవడానికి మిమ్మల్ని పిలుస్తాం."