గంట తాడుకు అంటిన పసుపు

పెద్ద శుక్రవారం, అదే గుడ్‌ఫ్రైడే, పొద్దున మునిలక్ష్మమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. మొగుడు చెన్నప్పకు రాగిముద్ద, ఉలవచారు కట్టిచ్చి గనికి పంపాలి. తర్వాత నానబెట్టిన చింతపండు తీసుకుని, పక్కింటి ఆరోగ్యమ్మ కంటే ముందు చర్చికి చేరాలి. అక్కడున్న ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలను, ఆరోగ్యమ్మ తన ముఖం వాటిలో చూసుకుని తలదించుకునేటట్టు తోమాలి. అంతే. ఇందులో ఎవరికీ ఏ ఆపదా రావడానికి వీల్లేదు. కానీ ఆపద ఏనాడైనా వీలు చూసుకుని వచ్చిందా?

ఊరిగాం బంగారు గని కూలీలుండే లైన్లలో ఆ ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే గోడ. లైన్ల వెనకాలే చర్చి. మునిలక్ష్మమ్మ కూతురు నాగరత్న పదో తరగతి పరీక్షలు రాసి, ఇంట్లో ఊరికే కూర్చోలేక, శనివారాలు ఆరోగ్యమ్మ వెంట చర్చి పనికి పోసాగింది. ఆదివారం పూజకు వచ్చేవాళ్ళ కంటికి ఆనని పనులవి. పీఠం మీది గుడ్డలకు గంజి పెట్టడం, ఫాదర్ అంగీలు ఇస్త్రీ చేయడం, కారిన మైనం గీకడం, పూలు సర్దడం. మంచిదే కదా అనుకుంది తల్లి. అనుకున్న వారానికే ఇంట్లో కొత్త మాటలు మొదలయ్యాయి.

"అమ్మా, ఆరోగ్యమ్మత్త గంజి ఇంత చిక్కగా పెట్టదు."

"అమ్మా, ఆరోగ్యమ్మత్త మడత పెడితే గీత పెట్టినట్టు ఉంటాది."

పిల్ల వాళ్ళ మతంలో కలిసిపోతుందేమోనన్న భయం మునిలక్ష్మమ్మకు లేకపోలేదు. అయితే ఆమె భయాల వరుసలో అది ఎక్కడో వెనక నిలబడింది. అన్నిటికంటే ముందు నిలబడింది ఆరోగ్యమ్మ గంజి. తొమ్మిది నెలలు మోసి, కామెర్లొస్తే శ్రీనివాసపురం దాకా ఎత్తుకుపోయి పసరు తాగించి బతికించుకున్న బిడ్డ నోట్లో, ఇంకో ఆడదాని గంజి గొప్ప! రాత్రి పడుకుంటే గోడ అవతల ఆరోగ్యమ్మ దగ్గు వినిపించినా, అది తనను చూసి నవ్వినట్టే ఉండేది.

"నేనూ వస్తానే సేవకు. దేవుడు అందురికీ ఒగటే కదా" అని ఒక శనివారం తానూ బయలుదేరింది. పోయింది కాపలాకు. కానీ పోయినందుకు నాలుగు సంగతులు నేర్చుకుంది. పూజలో వాడే గిన్నె తుడిచిన చిన్న గుడ్డను మొదటిసారి జాడించిన నీళ్ళు మురుగు మోరీలో పోయకూడదు, మట్టిలోనే పోయాలి. అది ఆమెకు చెప్పకుండానే అర్థమైంది. అభిషేకం నీళ్ళు ఎవరైనా మోరీలో పోస్తారా? ఇంకొకటి, పీఠం మీద సామి అప్పం దాచే చిన్న పెట్టె పక్కన వేలాడే ఎర్రగాజు దీపం. "సామి లోపల ఉండాడని గురుతు మునిలక్ష్మీ. అది ఆరగూడదు" అని చెప్పింది ఆరోగ్యమ్మ. ఆ మాటా బాగా నచ్చింది. చెప్పింది ఆరోగ్యమ్మ అన్నదొక్కటే నచ్చలేదు.

గురువారం సాయంత్రం నాగరత్న, "రేపు పనేమీ లేదమ్మా, నువ్వు రావద్దు" అంది. తల్లి గుండెలో రాయి పడింది. ఆదివారం ఈస్టర్ పండగ పెట్టుకుని పని లేకపోవడమేమిటి? తనను తప్పించి వాళ్ళిద్దరే చేసుకుంటారన్నమాట. "సరేలేమ్మా" అని, అటు తిరిగి చింతపండు నానబెట్టింది.

తెల్లవారి ఆమె పోయేసరికి పక్క తలుపు తీసి ఉంది. చర్చి ఊడ్చి గంట కొట్టే చిన్నన్న, తలుపు తీసిపెట్టి కాఫీకి పోయినట్టున్నాడు. లోపలికి అడుగుపెట్టి మునిలక్ష్మమ్మ అక్కడే నిలబడిపోయింది. పీఠం మీద గుడ్డ లేదు. కొవ్వొత్తి స్తంభాలు లేవు. ఒక్క పువ్వు లేదు. సామిని పెట్టే పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది.

ముందు ఆమెకు కలిగింది, నిజం చెప్పుకోవాలంటే, సంతోషమే. "చూడు దాని బాగోతం! పండగ పూట ఇట్లా ఇడిసిపెట్టి పోయిందే. రానీ నా కూతుర్ని, చూపిస్తా గీత పెట్టిన మడతలు!" అనుకుంది. తర్వాత కళ్ళు పైకి పోయాయి. ఎర్రగాజు దీపం ఆరిపోయి ఉంది.

సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. ఆరకూడని దీపం ఆరింది. మొగుడు గనిలో దిగి ఉన్నాడు. కంపెనీ సర్కారు చేతికొచ్చి ఏళ్ళయినా, భూమి లోపలి బండ ఇంకా సర్కారు మాట వినడం లేదు. అది ఎప్పుడు విరిగిపడుతుందో ఎవరికీ తెలియదు. ఆమె గబగబా దీపం ముట్టించింది. వెనక గదిలో బీరువా తెరిచి, ఆదివారం పండగకని తాను ఇస్త్రీ చేసిన జరీ గుడ్డ తెచ్చి పీఠం మీద పరిచింది. స్తంభాలు తెచ్చి చింతపండుతో తోమి, కొంగున కట్టుకొచ్చిన పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. జడలో పెట్టుకుందామని తెచ్చుకున్న కనకాంబరాల దండ సిలువకు వేసింది. దీపం పెట్టి గంట కొట్టకపోతే, చుట్టాన్ని పిలిచి మంచినీళ్ళివ్వనట్టే కదా! గంట తాడేమో పైకి చుట్టి గట్టిగా ముడివేసి ఉంది. "సోమారి చిన్నన్న" అని తిట్టుకుంటూ పంటితో ముడి విప్పి, బలమంతా పెట్టి లాగింది.

ఇంట్లో చేతిగంటకూ చర్చి గంటకూ ఉన్న తేడా అప్పుడు తెలిసింది. అది ఒకసారి కదిలితే తనంతట తాను ఆగదు. తాడు పైకి పోతూ ఆమెనూ మునివేళ్ళ మీదికి లేపింది. వదిలితే ఏమవుతుందోనని ఆమె వదల్లేదు. ఆమె వదలనంతసేపూ గంట మోగింది.

గురువారం పూజ తర్వాత పండగ దాకా ఆ గంట మోగదని లైన్లలో చంటిబిడ్డకు కూడా తెలుసు. తెలియనిది మునిలక్ష్మమ్మకొక్కదానికే. మోగకూడని గంట మోగిందంటే అగ్గి అయినా పడి ఉండాలి, గని అయినా కూలి ఉండాలి. పొగ కనబడలేదు కాబట్టి అందరూ గని వైపు పరుగెత్తారు.

తాడు వదిలించుకుని ఆమె బయటికి వచ్చేసరికి వీధంతా పరుగులు. "ఏమయింది సొన్నమ్మా?" అని ఎదురింటామెను ఆపింది.

"గంట ఇనలేదా? గనిలో బండ కూలిందంట! బేగ రా అక్కా!"

తన గంటే అది అన్న ఆలోచన ఆమెకు తట్టలేదు. తట్టింది ఆరిన దీపం. "అయ్యో నా తల్లీ, దీపం ఆరినప్పుడే అనుకుంటినే!" అని ఎదురురొమ్ము బాదుకుంటూ అందరికంటే ముందు పరుగెత్తింది. దీపం ఆరిందన్న మాట ఆమె వెనకనే పరుగెత్తింది. గని గేటు చేరేసరికి అది చర్చిలో దీపం గాజు తనంతట తానే పగిలి ఎర్రగా కారిందనే దాకా పెరిగింది.

"ఏమీ కాలేదమ్మా, పోండి!" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

"ఏమీ కాకుంటే గంట ఎందుకు కొడతారప్పా? ఎంతమందో చెప్పు, ఎవురో చెప్పు!" అని ఆడవాళ్ళు గేటు ఊపారు. వాచ్‌మన్‌కే అనుమానం వచ్చి కిందికి ఫోన్ చేయించాడు. పైన జనం ఏడుస్తున్నారని కిందవాళ్ళకు తెలిసింది. ఎందుకో తెలియలేదు. కాసేపటికి గనిలోకి దింపి ఎక్కించే ఇనుప బోను నిండా మనుషులు పైకి వచ్చారు. చెన్నప్ప అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"పైన ఏమయిందిమే? పాప బాగుండాదా?"

"కింద ఏమయిందప్పా నీకు?"

"నాకేమవుతాది? ముద్ద తింటా ఉంటిని!"

ఆమె మొగుణ్ణి పట్టుకుని భుజాలు, చేతులు, తల తడిమి చూసింది. ఆయన ఒంటి నిండా పసుపు అంటుకుంది.

అంతలో చిన్నన్న ఎగబోస్తూ వచ్చాడు. వెనకనే ఫాదరు, ఆరోగ్యమ్మ, నాగరత్న. "తాడు ముడేసి పెట్టి ఉంటిని! ఎవురో ఇప్పి లాగినారు సామీ! తాడు నిండా పసుపు!" అన్నాడు. అందరూ చెన్నప్ప చొక్కా చూశారు. అక్కణ్ణించి మునిలక్ష్మమ్మ చేతులు చూశారు. మునిలక్ష్మమ్మ కూడా తన చేతులే చూసుకుంది.

"అమ్మా!" అంది నాగరత్న, నేలలోకి దిగిపోయేటట్టు. ఆ పిలుపులోనే కూతురు తనకు పోయిందనుకుంది తల్లి.

ఫాదర్ కోప్పడలేదు. "ఈ దినం సామి చనిపోయిన దినమమ్మా. గుడి సావు ఇల్లు మాదిరి. అందుకే దీపం ఆర్పేస్తాము" అన్నాడు.

"సావింట్లో తలకాడ దీపం పెట్టాల కదా సామీ! ఆర్పితే ఎట్లా?"

"మళ్ళా రేపు రాత్రి ముట్టిస్తామమ్మా. అంతవరకూ చీకట్లో కాచుకోని ఉండాల. అదే ఈ పూజ" అన్నాడు ఫాదర్.

మునిలక్ష్మమ్మ బోను వైపు చూసింది. "అట్లా చెప్పండి. మొగుడు గనిలో దిగితే ఈడ ఆడోళ్ళు దినమూ చేసేది అదే సామీ" అంది. వెనక ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది.

చర్చిలో మునిలక్ష్మమ్మ చేసినదంతా తీసేసే పనికి ఆరోగ్యమ్మతో పాటు ఆమెనే పంపారు. ఇద్దరూ జరీ గుడ్డ చెరో కొన పట్టుకుని మడిచారు. మడత మీద వేలు పెట్టి ఆరోగ్యమ్మ నిట్టూర్చింది.

"ఇట్లా వస్తాది నీకు. నాకు రాదు."

"ఏంది నీకు రానిది? మా పాప ఇంట్లో జపం చేసేది నీ పేరే కదా!"

"నా పేరా? ఈడికొస్తే దాని నోట్లో ఉండేది నీ పేరు. మా అమ్మ పూలు ఇట్లా కట్టదు, మా అమ్మ ఇత్తడి ఇట్లా తోమదు, మా అమ్మ ఉలవచారు... నా చారు తిని, నాతోనే నీ చారు చెప్తాది! నీ మింద కడుపు మంటతో నాకు నిద్ర పట్టి ఎన్ని దినాలాయనో."

మునిలక్ష్మమ్మ గుడ్డ వదిలి కింద కూర్చుంది. రాత్రి గోడ అవతల దగ్గు ఎందుకో ఇప్పుడు తెలిసింది. "ఇంగ ఆ దొంగముండ ఉండాదే..." అని మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేకపోయింది. చావింటి దినమని గుర్తొచ్చి ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

పండగ దాటిన వారానికి నాగరత్న మారమ్మ టీచర్ దగ్గర కుట్టుపనికి పోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి రెండిళ్ళలోనూ పిల్ల నోట మారమ్మ పేరే. ఆ మారమ్మకు కాజాలు కుట్టడం రాదని తేల్చి చెప్పినవాళ్ళు లైన్లలో ఇప్పటికి ఇద్దరే ఉన్నారు.