తుపాకీకి ఏడో నెల

ఇలా రా తల్లీ, ఆ గుమ్మం దగ్గర ఎందుకు, నా మోకాలికి ఆనుకుని కూర్చో. గుళ్లు నింపిన తుపాకీని కడుపుతో ఉన్న ఆడమనిషిగా చూడాలని మా పెద్దబజారు వర్తకుల సంఘం తీర్మానించిన ఏడాది జరిగిన సంగతి ఇది. ఆ తీర్మానం మీద ఎవరూ గొడవ చెయ్యలేదు. కడుపులో ఏదో ఉంది, బరువుగా ఉంది, కదిపితే భయం, ఎప్పుడు ఏమవుతుందో తెలియదు. చూలాలంటే అంతే కదా అని అందరూ చేతులెత్తారు.

అంతకుముందు మగవాళ్లు తుపాకులు పట్టుకుని కొట్లలోకొస్తే వర్తకులకు ఏం చెయ్యాలో తోచేది కాదు. పొమ్మంటే వాళ్లకు కోపం, రమ్మంటే మిగతావాళ్లకు భయం. తీర్మానం వచ్చాక ఒక మర్యాద కుదిరింది. బట్టల కొట్టులో తుపాకీకి మెత్తటి పరుపు వేసేవారు. కిరాణా కొట్టులో పులుపు మీద మనసుపోయిందేమోనని ఉప్పూకారం చల్లిన మామిడిముక్క చేతికిచ్చి పంపేవారు. తుపాకీ తినదు గనక తెచ్చినాయనే తినేవాడు. గాజుల కొట్టుకొస్తే మాత్రం గాజులు తొడిగే పంపాలి. చూలాలిని ఒట్టి చేతులతో సాగనంపడం మన దగ్గర ఎక్కడైనా ఉందా?

ఆ పనిలో గాజుల పైడమ్మ ఆరితేరింది. తొడిగించుకునేవాళ్లు చెయ్యి ఆమె గుండెల మీదికి చాపుతారు కదా, తుపాకీ కూడా అలాగే చాపేది. "సెయ్యి కొంచెం కిందకెట్టమ్మా, మా తల్లివి కదూ" అని బతిమాలుతూ గొట్టాన్ని ఇసకమూట మీదికి వంచేది. గొట్టం కొసన గురి చూసే ముల్లు ఉంటుంది, మన చేతికి మెటికలాగే. సబ్బునురగ రాసి, గాజును అక్కడ ఒడుపుగా తిప్పి దాటించేది. ఒకసారి ఎక్కిందంటే మళ్లీ ఆ ముల్లే జారనిచ్చేది కాదు. గాజులేసుకున్న తుపాకీని ఎవరూ పేల్చేవారు కాదు. పేలిస్తే గాజులు చిట్లుతాయి, ఇంట్లో ఇల్లాలు ఊరుకోదు. బజారు ఎంతో ప్రశాంతంగా ఉందని సంఘంవాళ్లు పైడమ్మకు శాలువా కూడా కప్పారు.

ఆమె కొట్టులో చూలాళ్ల కోసం ఒక్కటే కుర్చీ. ఒకరోజు శ్రావణమాసం రద్దీ, నేల మీద కాలు పెట్టే సందు లేదు. కుర్చీలో కూర్మయ్య అనే ఆయన తెచ్చిన జోడుగొట్టాల తుపాకీ కూర్చుని ఉంది. అప్పుడు తవిటమ్మ తన కోడలు నీలవేణిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి ఏడో నెల, మర్నాడే సీమంతం. నీలవేణికి అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈసారి ఎక్కువసేపు నిలబడితే బిడ్డ దక్కదని ఆసుపత్రి నర్సమ్మ గట్టిగా చెప్పి పంపింది. బజారంతా నడిచొచ్చేసరికే పిల్ల మొహం పాలిపోయింది.

"ఓలమ్మ పైడమ్మా! కోడలు పడిపోయేలాగుంది, ఆ కుర్చీ ఇప్పించవే" అంది తవిటమ్మ.

"ఎలాగిప్పించీది వొదినా? కడుపుతోటున్న మనిసి కూకున్నాది కదా."

"మనిసేటే? అది తుపాకీ కాదేటి?"

"తుపాకీయే. కవల్లు" అన్నాడు కూర్మయ్య మామిడిముక్క నములుతూ. "రెండు గొట్టాల్లోనూ సెరో గుండు."

కొట్టులోని ఆడవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. కవలలంటే మాటలా!

"బాబూ, ఒక్క పిసరు కూకుని లెగిసిపోతాను" అని నీలవేణి బతిమాలింది.

"నాదేటుంది తల్లీ? దాన్నడుగు."

నీలవేణి దాన్నే అడిగింది. తుపాకీ పలకలేదు.

"పలకలేదంటే ఒంట్లో బాగునేదు" అని పైడమ్మ తేల్చేసింది.

తవిటమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఆ గుళ్లు రెండూ తీసి పారీండి. అప్పుడు ఒట్టి ఇనపగొట్టవే కదా, గోడకి నిలబడతాది!"

కొట్టులో గాజులు తిరగేస్తున్న చేతులన్నీ ఆగాయి.

"నోరు కడుక్కో అప్పా!" అంది గాజుల పెట్టె పక్కనున్న ముసలావిడ. "నీ కోడలు కడుపుతోటుండగా, ఎదటిదాని కడుపు తీసీమంటావా?"

కూర్మయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. తవిటమ్మ కోడలి మొహం చూసింది. పోయిన కడుపు గుర్తొచ్చింది. తుపాకీ ముందు నిలబడి చెంపలు వేసుకుంది. "తప్పైపోయింది తల్లీ, నీ కడుపు సల్లగుండ. మా పిల్ల మీద కోపమెట్టుకోకు."

ఇంతలో నీలవేణి గోడకు జారబడిపోయింది. ఉపాయం పైడమ్మకే తట్టింది. చూలాలిని ఒళ్లో పెట్టుకునే తోడుమనిషి కూర్చోకూడదని తీర్మానంలో ఎక్కడా లేదు. తుపాకీని జాగ్రత్తగా లేపి, నీలవేణిని కుర్చీలో కూర్చోబెట్టి, తుపాకీని ఆమె ఒళ్లో పడుకోబెట్టారు. కర్రభాగం పొట్టకు ఆని, గొట్టాలు ఇసకమూట వైపు. లోపల బిడ్డ తన్నినప్పుడల్లా "కదలకే, పక్కన తుపాకీ ఉంది" అని ఆ పిల్ల తన పొట్టకు తనే నచ్చజెప్పుకుంది. ముందు తుపాకీకి గొట్టాల నిండా గాజులు తొడిగారు. తోడుమనిషి గనక తర్వాత నీలవేణికీ తొడిగారు.

బిడ్డ దక్కింది. ఆడపిల్ల. చూడటానికి వచ్చినవాళ్లు ముందు తుపాకీ కులాసాగా ఉందా అని అడిగి, తర్వాత పిల్లను ఎత్తుకున్నారు.

అప్పటినుంచి మా వైపు నెల తప్పిన ఆడపిల్లలు ఎవరిదో ఒక తుపాకీ అరువు తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒట్టి పొట్టతో సాలూరు బస్సెక్కితే మగవాళ్లు కిటికీలోంచి పొలాలు చూసేవారు. చేతిలో తుపాకీ ఉంటే సీటులోవాళ్లంతా లేచి నిలబడేవారు. ఆసుపత్రిలో వరస తప్పించి ముందుకు పిలిచేవారు. ఆడదానికి ఇంత మర్యాద ఎప్పుడుందని తవిటమ్మ అందరితో మురిసిపోయేది.

ఇది గుర్తుంచుకో తల్లీ. రేపు నీ ఒళ్లో పిల్లలు కూర్చున్నప్పుడు వాళ్లకూ చెప్పు, ఏదీ కలపకుండా చెప్పు. అదేంటమ్మా, ఇదంతా ఎవరికీ వింతగా తోచలేదా అని వాళ్లు అడుగుతారు. కూర్చోడానికి చోటు దొరికాక ఎవరికీ తోచలేదని చెప్పు.