శ్రీవారి నమూనా ప్రశాంతంగా ఉంది

ముందే ఒక నేరం ఒప్పేసుకుంటాను, తర్వాత మీ ఇష్టం. మెరిదా నగరంలో మగవాళ్ల పరువు కాపాడుతున్న యంత్రాన్ని తయారుచేసింది నేనే.

నా పేరు సుఎమీ. చదివింది కంప్యూటర్లు, పని చేసేది పిల్లల కోసం జనం వచ్చే ఒక క్లినిక్‌లో. మైక్రోస్కోపు కింద కనబడిందాన్ని కనబడినట్టు రిపోర్టులో ఎక్కించడం మొదట్లో నా ఉద్యోగం. ఆ పద్ధతి ఒక మంగళవారం దాకా బాగానే సాగింది. ఆ రోజు ఒక పెద్దమనిషి తన కాగితంలో "వీర్యకణాలు: సున్నా" అని చదువుకుని, రిసెప్షన్‌లో ఉన్న చేపల తొట్టిని ఎత్తి నేలకేసి కొట్టాడు. ఎనిమిది చేపలు అమరులయ్యాయి.

మా డైరెక్టర్ డాక్టర్ ఎవెలియో కస్తెయానోస్ గారు తడి ఆరకముందే సిబ్బందిని సమావేశపరిచి ప్రసంగించారు.

"మిత్రులారా! విజ్ఞానం నిన్న పుట్టింది. మర్యాద మన తాతల నాటిది. నిజం లేకపోయినా మనిషి బతుకుతాడు. పరువు లేకపోతే బతకడు, అందులోనూ మన ప్రాంతపు మగవాడు! కాబట్టి నేటి నుంచి ఈ సంస్థలో ఏ పురుషుడికీ సున్నా అనే అంకె చూపబడదు."

అందరం చప్పట్లు కొట్టాం. వారం తిరక్కుండా నేను ప్రోగ్రాం రాసేశాను. దాని పేరు "మర్యాద". ఇటు నుంచి నిజం వేస్తే అటు నుంచి గౌరవం వస్తుంది. కణాలు బాగా తక్కువైతే "ఎంపిక చేసిన కొద్దిమంది" అని వస్తుంది. తలలు వంకరగా ఉంటే "స్వతంత్ర వ్యక్తిత్వం". గుండ్రంగా తిరుగుతూ ఎక్కడికీ పోనివాటికి "ఇంటిపట్టున ఉండే స్వభావం". అసలు ఒక్కటీ లేకపోతే మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. చివరికి ఇలా రాశాను: "శ్రీవారి నమూనా ప్రశాంతంగా ఉంది. అల్లరి చేసే కణం ఒక్కటి కూడా కనబడలేదు." ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి.

మొరటుగా ఉండే అసలు కాపీ దేనికని డాక్టరుగారు కూడా మర్యాద కాపీయే చదవడం మొదలుపెట్టారు. భర్త ప్రశాంతంగా, నిర్దోషిగా ఉన్నాడు కాబట్టి వైద్యం భార్యకు చేసేవారు. ఇది తర్కానికి లోబడిన విషయమే.

మా దగ్గర మాటల సంగతి మీకు కొంచెం చెప్పాలి. "గుడ్లు" అనే మాట మా ఊళ్లో మగవాళ్ల సొత్తు. ధైర్యం, పొగరు, పౌరుషం, పంట్లాంలో ఉన్నది, అన్నిటికీ అదే మాట. అందుకని మర్యాదస్తులైన ఆడవాళ్లు కొట్టుకెళ్లి కోడిగుడ్లు అడగాలన్నా "తెల్లవి ఒక డజను ఇవ్వయ్యా" అంటారు. గుడ్లు నిజంగా పెట్టే జాతికి ఆ మాట నోట పట్టే హక్కు లేదు. పెట్టనివాళ్లు మాత్రం రోజుకి ఇరవైసార్లు వాడుకోవచ్చు.

ఇక విల్బెర్త్ చాబ్లే సంగతి. తెకాష్ ఊళ్లో టైర్ల కొట్టు యజమాని, ఊరి బేస్‌బాల్ జట్టుకు బంతి విసిరేవాడు. నాలుగేళ్ల కిందట ప్రశాంతమైన రిపోర్టు అందుకున్న అదృష్టవంతుల్లో ఒకడు. దాన్ని అద్దం కట్టించి కొట్లో తగిలించాడు. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లంతా చదివి టోపీ తీసేవారు.

ఆయన భార్య రొసెంద. కోడిపిల్లలు పొదిగించే ఫారంలో పని. భర్త నమూనా అంత ప్రశాంతంగా ఉందని తేలాక ఆమెకు నాలుగు విడతల సూదులు పొడిచారు. కడుపు పండాలని పొట్ట మర్దన చేసే ముసలమ్మ దగ్గరికి అత్తగారు ఫిదేలియా పదకొండుసార్లు లాక్కెళ్లింది. "లోపల ఎలా ఉందో ఒకసారి చూద్దాం" అని డాక్టరుగారు రెండుసార్లు కోశారు. రెండోసారి, వచ్చాం కదా ఊరికే పోవడం ఎందుకని, ఒక అండాశయం నుంచి కాస్త గోకి మరీ తీశారు. అక్కడ ఏమీ దొరకలేదు. వైద్యం పురోగతిలో ఉందని ఫైలులో రాశారు.

అంతలో క్లినిక్‌కు జన్యువులు చదివే యంత్రం వచ్చింది. కొత్త యంత్రానికి ముందుగా గౌరవనీయులనే ఎక్కించాలి కాబట్టి విల్బెర్త్ రక్తం పెట్టాం. Y అనే క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరులాగా వస్తుంది. వీర్యకణాలు ఎలా తయారుచేయాలో చెప్పే పుటలు కొన్ని అందులోనే ఉంటాయి. విల్బెర్త్ పుస్తకంలో ఆ పుటలు చిరిగిపోయి ఉన్నాయి. అట్ట బాగానే ఉంది. గడ్డం, గొంతు, బంతి విసురు, అన్నీ అట్ట మీద ఉన్నవే. "మర్యాద" ఒక్క క్షణం ఆలోచించి ఇలా అచ్చువేసింది: "శ్రీవారి Y అనవసర భారం లేకుండా తేలికగా ఉంది." రెండో అద్దం కూడా గోడెక్కింది.

ఆ రెండో అద్దం చూసిన మర్నాడే రొసెంద ఒంటరిగా నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"అమ్మాయ్, ఈ కాగితాలు రాసేది నువ్వేనా?"

"యంత్రం రాస్తుందండీ."

"ఆ యంత్రాన్ని?"

"...నేనే."

"అయితే కూర్చో. ప్రశాంతం అంటే ఏంటి?"

"అంటే... పెద్దగా హడావుడి లేదని."

"పెద్దగా అంటే? చిన్నగా అయినా ఉందా?"

నేను కీబోర్డు వంక చూశాను. అందులో దాక్కోడానికి చోటు లేదు.

"ఇదిగో పిల్లా, నేను పొద్దస్తమానం గుడ్లని దీపం ముందు పెట్టి చూసే మనిషిని. జీవం ఉన్నదేదో, ఉత్తిదేదో నిద్రలో కూడా చెప్తాను. నూటికి నూరూ ఉత్తివే తేలాయనుకో, మేం పెట్టలకి సూదులు పొడవం. పోయి పుంజుని పట్టుకుంటాం. ఇంత చదువుకున్నారు కదే, మీలో ఒక్కరికీ పుంజు గుర్తురాలేదా?"

అసలు కాపీ తీసి ఆమె ముందు పెట్టాను. ఇలాంటి మగవాళ్లకు వృషణం దగ్గర చిన్న కోత పెట్టి వెతికితే, సగం మందికి లోపల ఎక్కడో నాలుగు కణాలు దొరుకుతాయని, వాటితో బిడ్డ పుట్టే అవకాశం ఉందని చెప్పాను.

"మరి ఈ సంగతి ఎప్పట్నుంచి తెలుసు?"

"సున్నా అని మొదటి రోజు నుంచే. నాలుగేళ్లు."

"అప్పుడు నాకు ముప్పై నాలుగు," అంది రొసెంద. ఏడవలేదు. "నా గుడ్ల సంగతేంటి? కొత్తవి పుడుతుంటాయా?"

పుట్టవని చెప్పాల్సి వచ్చింది. ఆడదాని గుడ్లన్నీ ఆమె తన తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయి. ప్రతి గుడ్డులోనూ క్రోమోజోములు జతగా చేతులు పట్టుకుని పిలుపు కోసం నిలబడి ఉంటాయి. ముప్పై ఎనిమిదేళ్లు నిలబడితే చేతులు జారుతాయి. అప్పుడు ఒకటి ఎక్కువో తక్కువో అయి గుడ్డు నిలవదు.

"అంటే మీరు ఆయన పరువుని కాపాడుతున్నంతసేపూ అవి అక్కడ నిలబడే ఉన్నాయన్నమాట." ఆమె లేచింది. "సరే, ఉన్నవైనా వాడుకుందాం. ఆయన్ని ఎలా ఒప్పించాలో నేను చూసుకుంటా."

ఇంట్లో చెప్తే విల్బెర్త్ నమ్మలేదు. గోడ మీద రెండు అద్దాలుండగా ఎవరు నమ్ముతారు? అత్తగారు "మారె!" అని మా వైపు ఆశ్చర్యపు కేక వేసి, "మగాణ్ణి కొయ్యడమేంటే, వాడేమన్నా పందా?" అంది.

ఆ వారంలోనే తెకాష్‌లో జాతర వచ్చింది. జాతరలో జంటలు నాట్యం చేస్తుండగా ఎవరో ఒకరు "బోంబా!" అని అరుస్తారు. సంగీతం ఆగాలి. అరిచినవాడు ఎదుటి మనిషిని ఆటపట్టిస్తూ నాలుగు పంక్తుల పద్యం చెప్పాలి. అందులో ఏమన్నా సరే, కోపం తెచ్చుకున్నవాడే సిగ్గుమాలినవాడని లెక్క. ఆ రోజు మొదట అరిచింది విల్బెర్త్.

"మొక్కజొన్నలు మెక్కి బలిసె మా ఇంటి పెట్ట,
నాలుగేళ్లయినా నిండదు తెల్లవాటి బుట్ట!
పుంజుదేం తప్పు? కూత చూడు ఎంత గట్టి!
పెట్ట పొట్టలోనే ఉంది ఉత్త మట్టి!"

జనం పడీపడీ నవ్వారు. చర్చి ఫాదర్ కూడా మూతి తుడుచుకున్నారు. వాయిద్యాలు మళ్లీ అందుకోబోతుంటే రొసెంద చెయ్యెత్తి "బోంబా!" అంది.

"కూత గట్టిదే దొరా, కాదనను నేను,
దీపమెట్టి గుడ్లన్నీ చూసుకున్నాను!
పెట్ట గుడ్లు నెలనెలా పెట్టింది లెక్కగా,
పుంజు సంచి ఖాళీగా వేలాడె చక్కగా!"

ఆడదాని నోట, ఫాదర్ ఎదుట, ఆ మాట రెండుసార్లు! ట్రంపెట్ ఊదేవాడి చేతిలోంచి ట్రంపెట్ జారింది. విల్బెర్త్ ముఖం ఎర్రబడింది, కానీ కోప్పడ్డానికి ఆచారం అడ్డొచ్చింది. పళ్లికిలించి నిలబడ్డాడు. నాలుగేళ్ల వైద్యం చేయలేని పని నాలుగు పంక్తులు చేశాయి.

సోమవారం పొద్దున క్లినిక్ ముందు పదకొండు మంది మగవాళ్లు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో అద్దం కట్టిన రిపోర్టు. "ప్రశాంతం అంటే మంచిదేగా, అమ్మాయ్?" "స్వతంత్ర వ్యక్తిత్వం అంటే పెద్దయ్యాక మారుతుందా?" అందరూ వెళ్లాక పన్నెండోవాడు లోపలికి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఆ తేలికైన Y ఉంది చూడు పాపా... మరీ ఎంత తేలిక?"

చెప్పాను. తొట్టి కోసం చుట్టూ చూశాడు. మేం కొత్తది కొనలేదు. కోతకు ఒప్పుకున్నాడు.

కణాలు దొరికాయి. పదహారు. డాక్టరుగారు ఆపరేషన్ గది బయట నిలబడి "మహానుభావుడు! అట్టడుగు నుంచి పదహారు మంది వీరులను పంపించాడు!" అని ప్రకటించారు. తెకాష్‌లో బాణసంచా కాల్చారు. టైర్ల కొట్టు గోడకి మూడో అద్దం ఎక్కింది.

రొసెంద నుంచి నాలుగు గుడ్లు తీశాం. రెండు పిండాలయ్యాయి. ఒకదానిలో క్రోమోజోము ఒకటి ఎక్కువైంది, రెండోదానిలో ఒకటి తక్కువైంది. రెండూ నిలవలేదు. గోకిన అండాశయంలో ఇంక ఏమీ లేదు, రెండో అండాశయంలోనూ గుడ్లు దాదాపు అయిపోయాయి.

ఊరు తీర్పు చెప్పేసింది. "చూశారా, మగాడు పదహారు ఇచ్చాడు. లోపం మొదట్నుంచీ దానిదే." ఫిదేలియా రొట్టెల కొట్టు దగ్గర నిలబడి "నేను చెప్పలేదూ? నాలుగేళ్లుగా చెప్తున్నా!" అంది. నిజమే. నాలుగేళ్లుగా చెప్తూనే ఉంది.

రొసెంద తన రిపోర్టు తీసుకోవడానికి వచ్చింది. అందులో ఇలా ఉంది: "వయసు మీరింది. గుడ్లు నాసిరకం. స్పందన పేలవం."

"నాకూ ఏదో ఒక మర్యాద మాట వెయ్యవే పిల్లా," అంది నవ్వుతూ. "గోడకి తగిలిస్తాను."

ప్రోగ్రాం తెరిచి వెతికాను. మగవాళ్ల కోసం రెండొందల పన్నెండు మాటలు. ఆడవాళ్ల కోసం గడి కూడా పెట్టలేదు. పెట్టాలని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

అందుకని ఇప్పుడు మీ సాయం కావాలి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ వాళ్లలో పిల్లలు పుట్టకపోతే మొదట ఎవరిని పరీక్షకు పంపారు? ఎన్నేళ్లకు రెండోవాళ్లను పంపారు? అసలు పంపారా? రాయండి, చదువుతాను. మగవాళ్ల పేర్లు తప్పకుండా మారుస్తాను. ఆడవాళ్ల పేర్లు మార్చక్కర్లేదు, అవి ఊరందరికీ ఎప్పుడో తెలుసు.