గుండెకూ విమానానికీ ముడిపెట్టిన పేపరు

ఎవరూ చదవని పరిశోధనా వ్యాసమంత మేలు చేసే వస్తువు ఈ లోకంలో మరొకటి లేదు. వార్తాపత్రిక చదివితే బీపీ పెరుగుతుంది. ఫోన్ చూస్తే కళ్లు పోతాయి. రీసెర్చ్ పేపరు అలాంటిది కాదు. రాసినవాడికి ప్రమోషను, అచ్చేసినవాడికి ఆదాయం, కాలేజీకి గ్రేడు. చదివేవాడే లేడు కనుక నష్టపోయేవాడూ లేడు. ఇంత అహింసాయుతమైన వృత్తి ఇంకేదైనా ఉందా?

పరిశోధన ప్రమాదకరంగా మారేది ఎప్పుడంటే, అది పొరపాటున ఎవరికైనా పనికొచ్చినప్పుడు. డాక్టర్ ఫారూఖ్‌కు జరిగింది అదే.

ఫారూఖ్‌ది కోయిలకుంట్ల. కర్నూలు శివార్లలో, ఇంజనీరింగూ లా రెండూ ఒకే యాజమాన్యం కింద నడిచే ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతాడు. గుండె స్కాన్ బొమ్మల మీద పీహెచ్‌డీ చేశాడు. బొమ్మ ఇస్తే చాలు, గుండె ఎడమ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంప్యూటరే గీత గీసి చూపిస్తుంది, బాగుందో లేదో కూడా చెబుతుంది. ఆ చదువుకు వాడిన బొమ్మలన్నీ యూరప్‌లో ఏదో ఆసుపత్రి ఇంటర్నెట్‌లో పెట్టినవి. రాగిసంగటి తిన్న గుండె వాటిలో ఒక్కటీ లేదు.

అయినా కోయిలకుంట్లలో అతన్ని గుండె డాక్టరనే పిలుస్తారు. మొదట్లో కాదని చెప్పేవాడు. కాదన్న ప్రతిసారీ ఇంకా పెద్ద డాక్టరేమో అనుకుని మరింత మర్యాద చేస్తుంటే, చెప్పడం మానేశాడు.

అదే కాలేజీలో, లా విభాగంలో, డాక్టర్ శివలీల ఉంది. ఆదోని దగ్గర పల్లె ఆమెది. అంతర్జాతీయ వైమానిక చట్టంలో పీహెచ్‌డీ. సముద్రం మీది ఆకాశం ఎవరి సొత్తు అనే విషయం మీద లావుపాటి థీసిస్ రాసింది. ఇప్పటిదాకా విమానం మాత్రం ఎక్కలేదు. ఆకాశం ఎవరిదో తెలిసినంత మాత్రాన టికెట్టు ఎవరిస్తారు?

వాళ్లిద్దరినీ కలిపింది ప్రిన్సిపాల్ దేవేంద్రప్ప. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తోందని తెలిసింది. రెండు శాస్త్రాలను కలిపి రాసిన పేపర్లకు మార్కులు ఎక్కువట. ఆయన టీచర్ల పేర్లు చీటీల మీద రాయించి, డబ్బాలో వేసి, రెండేసి చొప్పున తీశాడు. సిమెంటు కెమిస్ట్రీ సారుకు ఇంగ్లీషు కవిత్వం మేడం వచ్చింది. గుండె బొమ్మలకు విమాన చట్టం వచ్చింది.

ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందని ఫారూఖ్ అడిగితే, దేవేంద్రప్ప ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

“గుండె యాడుంటాదప్పా? మనిషిలో. మనిషి యాడుంటాడు? విమానంలో. అయిపాయె, పోయి రాసుకోండి.”

నిజానికి అదేమంత చెడ్డ సలహా కాదు. గాల్లో ఉండగా ప్రయాణికుడికి గుండె పట్టేస్తే, విమానంలోనే స్కాన్ తీసి కంప్యూటరు చేత చదివిస్తే, ఆ కంప్యూటరు తప్పు చదివితే పూచీ ఎవరిది? కంపెనీదా, కంప్యూటరుదా, కిందున్న దేశానిదా? ఇదీ పేపరు. ఒక అంతర్జాతీయ జర్నల్ దాన్ని పంపిన సాయంత్రమే అంగీకరించింది. చదవాలనే ఆలోచన ఉంటే అంత వేగం సాధ్యమయ్యేదా?

అంతా ఇలా ఎవరికీ కష్టం లేకుండా సాగుతుండగా కువైట్ నుంచి కబురొచ్చింది.

ఎర్రగుంట్లలో ఉండే ఫారూఖ్ చిన్నమ్మ సైదమ్మ, కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్లింది. పని చాలించుకుని వస్తూ, విమానాశ్రయం క్యూలో ఆయాసంతో కూలబడింది. అక్కడి ఆసుపత్రిలో స్కాన్ తీసి మందులిచ్చారు. విమానం వాళ్లు మాత్రం ఎక్కించుకోం అన్నారు. గాల్లో ఏమన్నా అయితే పూచీ ఎవరిది అన్నారు. కడప నుంచి అక్కడికి పనికెళ్లిన విశ్వాసమ్మ గదిలో ఆమె తలదాచుకుంది. ఎర్రగుంట్లలో ఉన్న సైదమ్మ కూతురు రిహానా, విశ్వాసమ్మ తీసి పంపిన స్కాన్ ఫొటోను వాట్సాప్‌లో పంపి, ఫారూఖ్‌కు ఫోన్ చేసింది.

“నువ్వు సూసేది గుండెలే కదన్నా. మా అమ్మది ఒగటి సూడు. బాగుండాదని రాసిస్తే ఎక్కించుకుంటారు.”

తాను ఆ డాక్టరు కాదని ఫారూఖ్ ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

“మరి ఇన్నేండ్లూ ఏం చదివినావన్నా?” అంది రిహానా. కోపంతో కాదు, తెలుసుకుందామనే అడిగింది.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. ఫొటోను తన ప్రోగ్రాములో పెట్టాడు. కంప్యూటరు కాసేపు ఆలోచించి, ఎర్రటి గీత గీసి, గుండె దివ్యంగా ఉందని తేల్చింది. ఫారూఖ్ దగ్గరికి జరిగి చూశాడు. గీత గుండె చుట్టూ లేదు. ఫిల్మును పట్టుకున్న విశ్వాసమ్మ బొటనవేలి చుట్టూ ఉంది. వేలికి నిజంగానే ఏ జబ్బూ లేదు.

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. ఈ ప్రోగ్రాముకే అతనికి బంగారు పతకం వచ్చింది.

లేచి శివలీల దగ్గరికి వెళ్లాడు. ఆమె తన థీసిస్ తిరగేసింది. ఆకాశం మీద దేశాల హక్కులు బోలెడున్నాయి. సైదమ్మ సీటు గురించి ఒక్క ముక్క లేదు.

“మీ చిన్నమ్మ నా థీసిస్‌లో లేదు సార్. కానీ టికెట్టు కింద సన్నక్షరాలు చదివేది నాకు అలవాటే. ఇట్లియ్యండి.”

ఆ సన్నక్షరాల్లోనే దారి దొరికింది. వైద్యం చేసిన డాక్టరు కంపెనీ ఫారం నింపి ముందుగా పంపితే, కంపెనీ వైద్యులు చూసి అనుమతి ఇస్తారు. అలాంటి ఫారం ఒకటుందని సైదమ్మకు ఎవరూ చెప్పలేదు. శివలీల మెయిలు మీద మెయిలు పంపింది. ఫారూఖ్ అసలు స్కాన్ ఫైళ్లు తెప్పించి, కర్నూలులో ఒక గుండె వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పుతూ, ఆపుతూ, ఆమె వయసెంత, ఏం పని చేస్తుంది, రాత్రి పడుకోగలుగుతోందా అని అడిగాడు. గుండెను చూసేవాడు మనిషి గురించి అన్ని అడుగుతాడని ఫారూఖ్‌కు అప్పుడే తెలిసింది. గుండె బలహీనంగానే ఉందనీ, మందులూ వీల్‌చెయిరూ అందుబాటులో ఆక్సిజనూ ఉంటే రావచ్చనీ చెప్పి, కువైట్ డాక్టరుతో ఆయనే మాట్లాడాడు. ఫారం వెళ్లింది. అనుమతి వచ్చింది.

సైదమ్మ ప్రయాణం, కాలేజీలో తనిఖీ ఒకేరోజు పడ్డాయి.

ఫారూఖ్, శివలీల వేదికెక్కి పేపరు మొదలుపెట్టబోతుండగా విమానాశ్రయం నుంచి విశ్వాసమ్మ ఫోన్ చేసింది. కౌంటరు దగ్గర మళ్లీ పక్కన నిలబెట్టారట. శివలీల మైకు పక్కన పెట్టి చకచకా దిగిపోయింది. ఆమె వెనకే ఫారూఖ్. వరండాలో నిలబడి ఆమె కౌంటరు అమ్మాయితో ఇంగ్లీషులో మాట్లాడింది. అనుమతి వాళ్ల కంప్యూటర్లోనే ఉందని, చూడకుండా కాదనే హక్కు వాళ్లకు లేదని నిమ్మళంగా చెప్పింది. అటువైపు కీబోర్డు టకటకలాడింది. ఆ తర్వాత సైదమ్మ గొంతు వినిపించింది.

“కుర్చీలో తోసుకోని పోతాండారు నాయనా. పెండ్లికూతురు మాదిరుండా.”

శివలీల అక్కడే మెట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

లోపల స్లయిడ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. వేదిక మీద మనుషులు లేరన్న సంగతి తనిఖీ బృందం గమనించలేదు. ఆఖరి స్లయిడు పడగానే చప్పట్లు కొట్టి, విషయ వివరణ అద్భుతమని రాసి, నిండుగా మార్కులు వేసింది.

ఆ తర్వాత దేవేంద్రప్ప సంతకంతో ఇద్దరికీ రెండేసి కాగితాలు అందాయి. ఒకటి ఉత్తమ పరిశోధకులని ప్రశంసాపత్రం. రెండోది, సొంత పని మీద వేదిక విడిచి వెళ్లినందుకు మెమో. ఫారూఖ్ వినయంగా ఒక విన్నపం పెట్టుకున్నాడు. సైదమ్మ విషయంలో గుండె బొమ్మ ఉంది, వైమానిక చట్టం ఉంది, ఫలితమూ ఉంది. దీన్నే పరిశోధనగా లెక్కించరాదా? జర్నల్‌లో అచ్చుకాలేదు గనుక వీలుకాదని జవాబొచ్చింది. ఆ ఫలితం మాత్రం ఎర్రగుంట్లలో వేళకు మందులు వేసుకుంటూ, కూతురి వంటకు వంకలు పెడుతూ ఉంది.

నెల తిరగ్గానే దేవేంద్రప్ప ఫారూఖ్‌ను గదిలోకి పిలిచి తలుపు వేయించాడు. సొరుగులోంచి స్కాన్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. మెట్లెక్కితే ఎద పట్టేసినట్టు ఉంటోందనీ, ఇంట్లో చెప్పలేదనీ, రిపోర్టు చదివించుకోవాలంటే భయంగా ఉందనీ చెప్పాడు. ఆ ముఖంలో ప్రిన్సిపాల్ లేడు.

“నువ్వే సూడప్పా. శానా దిగులుగా ఉండాది.”

ఫారూఖ్ కవరు విప్పలేదు. అది తాను చూసేది కాదని, చూడాల్సినాయన దగ్గరికి రేప్పొద్దున్నే తీసుకెళ్తానని, పక్కనే కూర్చుంటానని చెప్పాడు. దేవేంద్రప్ప అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తలుపు దాకా సాగనంపడానికి కూడా వచ్చాడు. అక్కడ ఆగి, గొంతు సవరించుకున్నాడు.

“ఒగ మాటప్పా. ఇది కాలేజీ పని కాదు గదా. రేపటికి లీవు రాసిచ్చి పో.”